చేతుల్ని లెక్కపెట్టే చట్టం

మొన్న మా కుట్టు క్లాసులో ఒకమ్మాయి అడిగింది. "అక్కా, బొటిక్‌ల బోర్డుల మీద కోచర్ అని రాసుకుంటారు కదా, అలా రాసుకోవాలంటే ఎవరి దగ్గరైనా పర్మిషన్ తీసుకోవాలా?" అని. ఇక్కడ అక్కర్లేదమ్మా, ఎవరైనా రాసుకోవచ్చు అన్నాను. "మరి పారిస్‌లో?" అంది. పారిస్‌లో తీసుకోవాలి, అది కూడా ఏటేటా తీసుకోవాలి అని చెప్పానే గానీ, ఆ తర్వాత వరసగా అడిగిన ప్రశ్నలకి నిలబడి ఐదు నిమిషాల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి. బోర్డుల మీది ఆ కోచర్ పూర్తి పేరుని మనం హాట్ కోచర్ అంటాం గానీ ఫ్రెంచి వాళ్ల నోట అది దాదాపు 'ఓత్ కుత్యూర్' అని వినిపిస్తుంది. ఓత్ అంటే ఉన్నతమైన, కుత్యూర్ అంటే కుట్టు. రెండు మాటలకీ చుట్టరికం ఏమీ లేదు, అయినా చెవికి మన కుట్టు లాగే తగలడం నాకు భలే ఇష్టం. మా అమ్మ ఇరవై ఏళ్లు వరండాలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టి మమ్మల్ని చదివించింది, నేను తెనాలిలో నలుగురికి కుట్టు నేర్పుతున్నాను. ఒక దేశం కుట్టు అనే మాటకి చట్టంతో కాపలా పెట్టిందంటే నాకు అది ఫ్యాషన్ వార్త కాదు, మా ఇంటి విషయంలాగే అనిపిస్తుంది.

మన దగ్గర ఇప్పటికీ పద్ధతి ఏంటి? బట్ట మనమే కొనుక్కుంటాం, ఆది జాకెట్టు ఇస్తాం, మెడ ఇంత లోతు, చేతులు ఇంత పొడవు, వెనక తాళ్లు కావాలి అని చెప్పి వస్తాం. పారిస్‌లో కూడా పందొమ్మిదో శతాబ్దం సగం దాకా దాదాపు ఇదే. ఆడవాళ్లు బట్ట కొనుక్కుని కుట్టే ఆమె దగ్గరికి వెళ్లి తమకి ఎలా కావాలో చెప్పేవాళ్లు. దాన్ని తిరగేసినవాడు చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్. విచిత్రం ఏంటంటే ఆయన ఫ్రెంచివాడు కాదు, ఇంగ్లండ్ నుంచి 1845లో ఇరవై ఏళ్ల వయసులో పారిస్ వచ్చి బట్టల కొట్లో పనికి కుదిరాడు. 1858లో ర్యూ ద లా పే అనే వీధిలో ఒక భాగస్వామితో కలిసి సొంత షాపు పెట్టాడు. డిజైన్ ముందుగా తానే చేసి, దాన్ని నిజం మనుషులకి తొడిగి చూపించి, వచ్చినవాళ్లు అందులోంచి ఎంచుకుంటే వాళ్ల కొలతలకి కుట్టించేవాడు. లోపల తన పేరుతో లేబుల్ కుట్టించేవాడు. ఫ్రాన్స్ మహారాణి యూజెనీ ఆయన దగ్గర కుట్టించుకోవడం మొదలుపెట్టాక ఇక చెప్పేదేముంది, యూరప్ రాచకుటుంబాలెన్నో ఆ వీధికే వచ్చాయి.

1868లో ఈ వృత్తివాళ్ల సంఘం ఏర్పడింది. మొదట్లో అందులో కొలతలు తీసుకుని కుట్టేవాళ్లూ, రెడీమేడ్ బట్టలు కుట్టించేవాళ్లూ కలిసే ఉండేవాళ్లు. 1911లో కొలతల వాళ్లు విడిపోయి సొంతంగా సంఘం పెట్టుకున్నారు. దాని వారసురాలే ఇప్పుడున్న ఫెడరేషన్ ఆఫ్ ఓత్ కుత్యూర్ అండ్ ఫ్యాషన్. ఇక్కడిదాకా ఇది వృత్తిసంఘం కథ, ఏ ఊళ్లోనైనా ఉండేదే. ఆ మాట చట్టంలోకి ఎక్కింది మాత్రం యుద్ధం వల్ల.

1940 జూన్‌లో జర్మన్లు పారిస్‌ని పట్టుకున్నారు. వాళ్ల కన్ను ఈ వృత్తి మీద కూడా పడింది. కుట్టేవాళ్లనీ డిజైన్లనీ అన్నింటినీ బెర్లిన్‌కీ వియన్నాకీ తరలించాలనుకున్నారు. అప్పుడు సంఘం అధ్యక్షుడు ల్యూసియన్ లెలాంగ్, ఆయనదీ పెద్ద కుట్టు సంస్థే. ఆయన బెర్లిన్ దాకా వెళ్లి మరీ వాదించాడు. ఆయన వాదన నాకు ఎంత నచ్చుతుందో చెప్పలేను. ఒక గౌను వెనక ఒక్క డిజైనరే ఉండడు, బొత్తాలు చేసేవాళ్లు, ఈకలు అతికేవాళ్లు, గుడ్డపూలు చేసేవాళ్లు, ఎంబ్రాయిడరీ వాళ్లు, మడతలు పెట్టేవాళ్లు, ఇలా పారిస్ సందుల్లో వందల చిన్న చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి, వీటిని వేళ్లతో పీకి ఇంకో చోట నాటితే బతకవు అనేది దాని సారాంశం. చివరికి తరలించే ఆలోచన ఆగిపోయింది. ఆ రోజుల్లో లెలాంగ్ దగ్గర డిజైనర్లుగా పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లు క్రిస్టియన్ డియోర్, పియెర్ బాల్మైన్.

1944 ఆగస్టులో పారిస్‌కి విముక్తి దొరికింది. బొగ్గు లేదు, తిండి రేషన్, బట్ట రేషన్. యుద్ధం ఇంకా ముగియనే లేదు, అయినా 1945 జనవరి 23న ఫ్రాన్స్ ప్రభుత్వం ఓత్ కుత్యూర్ అనే పేరుని చట్టబద్ధం చేసింది. పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద ఒక కమిటీ ఉంటుంది, అది పరిశీలించి ఆమోదించిన సంస్థలు తప్ప ఇంకెవరూ ఫ్రాన్స్‌లో ఆ పేరు వాడుకోకూడదు.

అది జరిగిన రెండు నెలలకి, మార్చి నెలాఖరున, ఇంకో పని చేశారు. మోడల్స్‌తో షోలు పెట్టేంత బట్ట లేదు కాబట్టి తీగతో బొమ్మలు చేశారు, ఒక్కోటి సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు. పారిస్‌లోని పెద్ద పెద్ద కుట్టు సంస్థలన్నీ ఆ బొమ్మలకి ఆ కొలతల్లోనే అసలు బట్టలు కుట్టాయి. అసలు అని ఎందుకంటున్నానంటే, వాటి బొత్తాలు నిజంగా పెట్టుకునేవి, తీసేవి. కాజాలు నిజం కాజాలు. చేతిసంచి తెరిస్తే లోపల చిన్న చిన్న సామాన్లు. గోరంత బొత్తానికి కాజా కుట్టడం ఎంత కష్టమో కాజాలు కుట్టిన ఆడవాళ్లని అడగండి, మామూలు చొక్కా కాజాలకే సాయంత్రానికి కళ్లు మండిపోతాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ పని చేశారు. దానికి తెయాత్ర్ ద లా మోద్ అని పేరు. లూవ్ర్ భవనంలోని డెకొరేటివ్ ఆర్ట్స్ మ్యూజియంలో ప్రదర్శించి, తర్వాత లండన్‌కీ, 1946లో అమెరికాకీ తీసుకెళ్లారు. ఆ బొమ్మలు ఇప్పటికీ అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మేరీహిల్ మ్యూజియంలో ఉన్నాయి. ఎప్పటికైనా వెళ్లి చూడాలని నా కోరిక.

ఇక రూల్స్. ఇక్కడే మా క్లాసు అమ్మాయి ప్రశ్నకి అసలు జవాబు ఉంది.

డిజైన్లు సంస్థ సొంతవి అయి ఉండాలి. బట్టలు కస్టమర్ ఒంటి కొలతలకి కుట్టాలి, మధ్యలో తొడిగి చూసి సరిచేయాలి. పారిస్‌లోనే సొంత వర్క్‌షాపు ఉండాలి, దాన్ని అటెలియే అంటారు. అందులో చేతిపని తెలిసిన ఫుల్‌టైమ్ ఉద్యోగులు కనీసం 20 మంది ఉండాలి అనేది ఎక్కువగా చెప్పే లెక్క. ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జులైలోనూ, పగలు వేసుకునేవీ సాయంత్రం వేసుకునేవీ కలిపి కొత్త కలెక్షన్ చూపించాలి. ఒక్కో కలెక్షన్‌లో ఎన్ని డిజైన్లు ఉండాలనే లెక్క ఒకప్పుడు 75, అంత మోయలేక సంస్థలు మూతపడుతుంటే బాగా తగ్గించారు.

ఒక్కసారి వీటిని మళ్లీ చదవండి. గౌను అందంగా ఉండాలని ఎక్కడా లేదు. ఖరీదు ఇంత ఉండాలని లేదు. ఎంత మంది సినిమా తారలు వేసుకున్నారని అడగరు. ఎంత మంది పనివాళ్లు ఉన్నారు, వాళ్లు ఎక్కడ కూర్చుని కుడుతున్నారు, నెల జీతం మీద ఉన్నారా లేదా, వీటినే అడుగుతారు. ప్రపంచంలో అన్నిటికంటే విలాసమైన బట్టల గురించి రాసిన చట్టం చివరికి సూది పట్టుకున్న చేతుల్ని లెక్కపెడుతోంది. నేను ఈ విషయం మొదటిసారి అర్థం చేసుకున్న రోజు మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

ఆ చేతులకి అక్కడ పేరు కూడా ఉంది, పెతీత్ మ్యాఁ, అంటే చిన్న చేతులు. వర్క్‌షాపుల్లో రెండు రకాలు. జారుడు బట్టలు, కుచ్చిళ్లు, గౌన్లు కుట్టేది ఒకటి, దాన్ని ఫ్లూ అంటారు. కోట్లు, జాకెట్లు లాంటి బిగువైన కటింగ్ పని చేసేది తయ్యర్. ఒక్కోదానికీ పైన ప్రెమియేర్ అనే పెద్దామె ఉంటుంది, మన కటింగ్ మాస్టర్‌కి రెండింతల అధికారం అనుకోండి. డిజైనర్ కాగితం మీద గీసిన నాలుగు గీతల్ని చూసి అది ఏ బట్టలో నిలబడుతుంది, ఏ క్రాసులో కత్తిరించాలి, కుట్టు ఎక్కడ దాక్కోవాలి అని తేల్చేది ఆమే. ఈ పని చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే సంఘం 1927లోనే సొంత స్కూల్ పెట్టుకుంది.

ఆర్డర్ ఇచ్చాక జరిగేది వివరంగా చెప్తాను, ఎందుకంటే మనం మన దగ్గర సరిగ్గా ఈ పనినే వదిలేస్తున్నాం. కస్టమర్ కొలతలు తీసుకుని, బొమ్మకి దూది, గుడ్డ చుట్టి అచ్చం ఆమె ఒంటి తీరుకి తెస్తారు. ఒక భుజం రవ్వంత కిందికి ఉంటే బొమ్మకీ కిందికే ఉంటుంది. ఇది వాళ్ల ఆది జాకెట్టు. తర్వాత అసలు బట్ట ముట్టుకోకుండా కోరా గుడ్డతో మొత్తం గౌను కుడతారు, దాన్ని త్వాల్ అంటారు. అది తొడిగి, పిన్నులు పెట్టి, పెన్సిల్‌తో గీసి, విప్పేసి, ఆ ముక్కల్ని పరిచి సరిచేసి, అప్పుడు అసలు బట్ట కత్తిరిస్తారు. దాన్ని కచ్చా కుట్టుతో కలిపి మళ్లీ తొడిగి చూస్తారు, మళ్లీ విప్పుతారు. కనీసం రెండు మూడు ఫిట్టింగులు అవుతాయి.

మా చెల్లెలి కూతురి పెళ్లికి ఒక బొటిక్‌లో జాకెట్టు ఇచ్చాం. పేరు చెప్పను గానీ బోర్డు మీద ఈ కోచర్ మాటే ఉంది. నేను కుట్టిస్తానంటే వద్దన్నారు, పెళ్లికి పెద్ద చోటే ఇద్దామన్నారు, సరేనన్నాను. ఫిట్టింగ్‌కి ఎప్పుడు రమ్మంటారు అని రెండుసార్లు ఫోన్ చేశాను, అవసరం లేదండీ ఆది జాకెట్టు ఉందిగా అన్నారు. ముందురోజు రాత్రి వచ్చింది, చంకల దగ్గర పట్టేసి పిల్ల చెయ్యి పైకి లేవలేదు. మెడ చుట్టూ కుందన్లు, జర్దోసీ నిండా ఉండటంతో కుట్టు విప్పడానికి చోటే లేదు. రాత్రి పన్నెండున్నర దాకా కూర్చుని చంకల్లో ముక్క వేసి ఎలాగో సరిచేశాను. ఆ మగ్గం పని చేసినతను మాత్రం ఎక్కడా ఒక్క పూస తప్పు పెట్టలేదు. ఆ పనితనం చూస్తే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది, అతని రెండు వారాల కష్టం ఒక్క ఫిట్టింగ్ చూడకపోవడం వల్ల వృథా అయ్యేది.

సరే, పేరు నిలబెట్టుకోవడం గురించి. ఒకసారి ఇస్తే జీవితాంతం ఉండే బిరుదు కాదిది, ఏటా జాబితా మళ్లీ వేస్తారు. యుద్ధం అయిన కొత్తల్లో వందకు పైగా సంస్థలకి ఈ హోదా ఉండేది, ఇప్పుడు పూర్తి సభ్యులు పదిహేను అటూ ఇటూ. డియోర్, షనెల్ లాంటి పెద్దవాళ్లతో పాటు ఫ్రాంక్ సోర్బియే, జులియెన్ ఫూర్నియే లాంటి చిన్న సంస్థలు కూడా ఉన్నాయి. ఒక్కో గౌను ధర వేల యూరోల్లో మొదలై లక్ష దాటిపోయినా, కొనేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. ఇరవై మందికి పైగా పనివాళ్ల జీతాలు, పారిస్‌లో అద్దె, ఏడాదికి రెండు షోలు, వీటిని గౌన్ల మీద వచ్చే డబ్బుతో తీర్చడం చాలా కష్టం. పెద్ద సంస్థలకి సెంట్లు, లిప్‌స్టిక్‌లు, బ్యాగులు అమ్ముడవుతాయి, వాటికి వెలుగు ఈ గౌన్ల నుంచి వస్తుంది కాబట్టి ఖర్చు భరిస్తారు. అలాంటి ఆసరా గట్టిగా లేనివాళ్ల పరిస్థితి వేరు.

డిజైనర్ క్రిస్టియన్ లాక్రోవా సంగతే చూడండి. 1987లో మొదలుపెట్టాడు, రంగులతో పండగలా ఉండేవి ఆయన బట్టలు. కానీ సంస్థ లాభాల ముఖం చూడలేదు, 2009లో దివాలా తీసింది. ఆ జులైలో ఆఖరి షో పెట్టాడు, ఇరవై నాలుగే డ్రెస్సులు, ఎక్కువగా నలుపు, ముదురు నీలం. ఎక్కడ పెట్టాడో తెలుసా, 1945లో ఆ తీగ బొమ్మలు నిలబడ్డ డెకొరేటివ్ ఆర్ట్స్ మ్యూజియంలోనే. ఆ తర్వాత ఆ అటెలియే మూతపడింది. పేరు, లైసెన్సులు మిగిలాయి గానీ, కుట్టే చేతులు పోయాక ఓత్ కుత్యూర్ అనే మాట దాని పక్కన నిలవడానికి వీల్లేదు.

పోయినది తిరిగి రావడమూ ఉంది. ఎల్సా స్కియాపరెల్లి అనే డిజైనర్ సంస్థ 1954లో మూతపడింది. యాభై ఏళ్లకు పైగా పేరు మాత్రమే మిగిలింది. ఇటలీకి చెందిన వ్యాపారవేత్త దియేగో దెల్లా వాలె ఆ పేరు కొని, 2012లో పారిస్ ప్లాస్ వాన్దోమ్‌లో ఆమె పాత చిరునామాలోనే మళ్లీ తలుపులు తెరిపించాడు. అంత చరిత్ర ఉన్న పేరు కదా అని నేరుగా హోదా ఇచ్చెయ్యలేదు. 2014 జనవరిలో అతిథిగా షో చేసింది. పనివాళ్లని కూర్చుకుంటూ, సీజన్ తర్వాత సీజన్ చూపించుకుంటూ వస్తే 2017 జనవరిలో హోదా వచ్చింది. నాకు ఈ పద్ధతి న్యాయంగానే అనిపిస్తుంది. తాతల పేరు చెప్పుకుంటే చాలదు, ఇవాళ నీ దగ్గర కుట్టేవాళ్లు ఎంత మంది ఉన్నారో చూపించు అన్నట్టు.

అతిథి అన్నాను కదా, అదో మెట్టు. పూర్తి సభ్యులు కాకుండా రెండు తరగతులున్నాయి. పారిస్ బయట వర్క్‌షాపులున్న విదేశీ సంస్థల్ని కరస్పాండెంట్ సభ్యులంటారు, ఇటలీ నుంచి వాలెంటినో, ఆర్మానీ, లెబనాన్ నుంచి ఎలీ సాబ్, నెదర్లాండ్స్ నుంచి ఐరిస్ వాన్ హెర్పెన్ లాంటివాళ్లు. ఇక అతిథుల్ని సీజన్‌కి సీజన్ పిలుస్తారు. మన దేశం నుంచి డిజైనర్ రాహుల్ మిశ్రా 2020 జనవరిలో ఈ షోల అధికారిక క్యాలెండర్‌లోకి వెళ్లిన మొదటి భారతీయుడు. తర్వాత 2021లో వైశాలీ షడంగులే, 2023లో గౌరవ్ గుప్తా.

రాహుల్ మిశ్రా బట్టలు దగ్గర్నుంచి తీసిన వీడియోల్లో చూడండి, పువ్వులూ ఆకులూ చేత్తో కుట్టినవి, దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనపడదు. ఆ పని చేసేవాళ్లు ఎంతోమంది, ఇక్కడ, మన దేశంలో ఉన్నారు. రూల్ మాత్రం పారిస్‌లో కూర్చున్న చేతుల్నే లెక్కపెడుతుంది. అందుకని ఇక్కడ వంద మంది ఉన్నా ఆ లెక్కతో పూర్తి సభ్యత్వం రాదు. చట్టం ఎందుకు అలా రాశారో నాకు అర్థమవుతుంది, లెలాంగ్ కాపాడుకున్నది ఆ ఊరి వర్క్‌షాపుల్నే కదా, వాళ్ల పనివాళ్లని వాళ్లు కాపాడుకోవడం తప్పు అనను. నా బాధ వేరే. పారిస్ షోల్లో కనిపించే ఎంబ్రాయిడరీలో చాలా భాగం ముంబైలోని వర్క్‌షాపుల్లో తయారవుతుంది. డియోర్ 2022 జనవరి కుత్యూర్ షోలో గోడల నిండా వేలాడిన ఎంబ్రాయిడరీ తెరలు చిత్రకారులు మాధవీ పరేఖ్, మను పరేఖ్ గీసిన బొమ్మల ఆధారంగా ముంబైలోని చాణక్య అనే ఎంబ్రాయిడరీ స్కూల్ వాళ్లు చేసినవి. అక్కడ పేరు చెప్పారు, సంతోషం. అన్నిసార్లూ చెప్పరు. లెక్కపెట్టడం ఇంత బాగా తెలిసిన చట్టానికి, సముద్రానికి ఇవతల ఉన్న ఈ చేతుల్ని కనీసం పేరుతో గుర్తించడం కూడా తెలిస్తే బావుండునని నా ఆశ.

ఇంకో సంగతి తెలిస్తే ఆ ఆశ అత్యాశ కాదని మీకూ అనిపిస్తుంది. పారిస్ ఎంబ్రాయిడరీ వాళ్లు, 1924 నుంచీ నడుస్తున్న లెసాజ్ సంస్థతో సహా, వాడే ముఖ్యమైన పనిముట్టు చివర చిన్న కొక్కెం ఉన్న సూది. బట్టని చెక్క ఫ్రేముకి బిగించి, దారం కింద నుంచి అందిస్తూ, పై నుంచి కొక్కెంతో లాగుతూ గొలుసుకుట్టు వేస్తారు. దాన్ని వాళ్లు లునెవిల్ కొక్కెం అంటారు. మీకు ఎక్కడో చూసినట్టు అనిపిస్తే నిజమే, అది మన ఆరీ పని, మన ఊళ్లలో సందుకి ఒకటి ఉన్న మగ్గం వర్క్. ఈ కొక్కెం కుట్టు పద్దెనిమిదో శతాబ్దంలో మన వైపు నుంచే యూరప్‌కి వెళ్లిందని చెబుతారు. ఒక్క తేడా ఉంది. మనం పూసల్ని పై నుంచి, కళ్ల ముందు పెట్టి కుడతాం. వాళ్లు బట్టని తిరగేసి బిగిస్తారు. పూసలు దారానికి గుచ్చి కింద ఉంటాయి, డిజైన్ కింది వైపు తయారవుతూ ఉంటుంది, కుట్టేవాళ్లకి కనపడదు. కింది చేతి వేలితో తడిమి ఒక్కో పూసనీ పైకి తోసి కుట్టు బిగించాలి.

నిన్న క్లాసులో ఒక పాత ఆర్గంజా ముక్క తిరగేసి మగ్గానికి బిగించి, దారానికి పూసలు గుచ్చి ఇచ్చాను, ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికే. పాపం గంటసేపు తల ఎత్తలేదు. పన్నెండు పూసలు పడ్డాయి. మగ్గం ఎత్తి కింది వైపు చూపిస్తే తొమ్మిది వరసలో ఉన్నాయి, మూడు పక్కకి వాలాయి. చాలమ్మా, మొదటిసారికి ఎక్కువే అన్నాను. వినలేదు. దారం చివర పట్టుకుని మొత్తం లాగేసి, మళ్లీ మొదటి పూస దగ్గర్నుంచి మొదలుపెట్టింది.